గురజాడ, గిడుగు అక్షరాల చిరునామా ఎక్కడ? సమాచార సాంకేతిక శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సమాచార సాంకేతిక, ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ల శాఖ కార్యదర్శి గారికి, శాఖ ఉన్నతాధికారులకు,



తెరమీద తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తున్నంతకాలం ఆ ఫాంటు ఎక్కడ తయారైందో, దాని సోర్సు ఎవరి దగ్గర ఉందో, కార్యాలయంలోని యంత్రంలో నడుస్తున్నది ఎన్నో వెర్షనో ఆరా తీయనక్కర లేదనే ధోరణి ప్రభుత్వ కంప్యూటరీకరణలో వేళ్ళూనుకుంది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే ఉచితంగా దొరికే సరుకు అనీ, దొరికినదాన్ని యంత్రంలో ఎక్కించడంతో బాధ్యత తీరిపోతుందనీ భావించే ఈ ధోరణిని అంగీకరించడం సాధ్యం కాదని తెలియజేయడానికే ఈ లేఖ. ప్రజల సొత్తుగా ప్రకటించిన ఒక వస్తువు మూలం ఎక్కడుందో ప్రజలకు తెలియకపోతే, అది ప్రజల సొత్తు ఎలా అవుతుంది?

ఉత్తరాంధ్రకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది. విజయనగరంలో బతికి అక్కడే కన్నుమూసిన గురజాడ అప్పారావు పేరిట ఒక యూనికోడ్ ఫాంటు ఉంది. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, వాడుక భాష కోసమూ సవరల భాష కోసమూ జీవితం వెచ్చించిన గిడుగు వెంకట రామమూర్తి పేరిట మరొకటి ఉంది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ తోడ్పాటుతో సిలికానాంధ్ర సంస్థ సాగించిన కృషి ఫలితంగా వెలువడిన ఫాంట్ల వరుసలో ఈ రెండూ చేరతాయి. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఈ అక్షరాలను 2013లో ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అన్న షరతుల మీద, లోకానికి ఇచ్చారు. శ్రీకృష్ణదేవరాయలు, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన, ఎన్టీఆర్ పేర్లు ఆ వరుసలో ఉన్నాయి; ఆనాటి సమాచార సాంకేతిక మంత్రి ఇంటిపేరైన పొన్నాల కూడా ఒక ఫాంటు పేరుగా నిలిచింది. పేర్లు పెట్టడంలో కనబరిచిన శ్రద్ధలో సగమైనా చిరునామాలు నిలబెట్టడంలో కనబరిచి ఉంటే ఈ లేఖ రాయవలసిన పని ఉండేది కాదు.

చిరునామా అన్న మాటకు ఇక్కడ ఉన్న అర్థాన్ని కొంత వివరించాలి. ఒక సాఫ్ట్‌వేర్‌ను రాసేవారు, దిద్దేవారు, తప్పులు నమోదు చేసేవారు పనిచేసే చోటును రిపాజిటరీ అంటారు. ఎవరు ఏ రోజున ఏ వాక్యాన్ని, ఎందుకు మార్చారో అక్కడ చరిత్రగా నిలిచి ఉంటుంది. అలా తయారైనదాన్ని వాడుకరి యంత్రంలో సులువుగా ఎక్కేటట్టు కట్టకట్టి, దాని పేరు, వెర్షన్, అవసరాలు రాసి పెట్టిన రూపం ప్యాకేజీ. ప్యాకేజీ కట్టేవారి దృష్టిలో అసలు అభివృద్ధి జరిగే చోటు అప్‌స్ట్రీమ్. 1993 నుంచి స్వచ్ఛంద సేవకులే నడుపుతున్న డెబియన్ అనే లైనక్స్ వ్యవస్థలో పైన చెప్పిన తెలుగు ఫాంట్లు ఫాంట్స్-తెలుగువిజయం అనే ప్యాకేజీగా ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్ సంకలనంలోనూ ఇవే పేర్లతో ఫాంట్లు ఉన్నాయి. అక్కడినుంచీ ఇక్కడినుంచీ దించుకున్న జిప్ ఫైళ్ళు డీటీపీ సెంటర్లలో, పెన్‌డ్రైవ్‌లలో తిరుగుతూ ఉంటాయి. పేరు ఒకటే అయినంత మాత్రాన ఇవన్నీ ఒకే వెర్షన్ అని ఎవరు హామీ ఇవ్వగలరు?

ప్యాకేజీకి చిరునామా ఉండదని కాదు, ఉన్న చిరునామాల్లో ఏది దేనికో తెలియకపోవడమే అసలు చిక్కు. డెబియన్ ప్యాకేజీల వివరాల్లో హోమ్‌పేజీ అనే గడి ఉంటుంది, కాని అది తరచుగా ఒక పరిచయ వెబ్‌సైటుకు దారి తీస్తుందే తప్ప రిపాజిటరీకి చేర్చదు. వీసీఎస్ అనే మరో గడి ఉంటుంది. అది రిపాజిటరీ చిరునామాయే అయినా, ప్యాకేజీ కట్టే పని జరిగే రిపాజిటరీది, ఫాంటు గీసిన చోటుది కాదు. ఈ తేడా తెలియనివారు ఆ చిరునామాకు వెళ్ళి, అక్కడ కట్టకు సంబంధించిన ఫైళ్ళు మాత్రమే చూసి, ఫాంటు చరిత్ర ఇంతే కాబోలు అనుకుని వెనక్కి వస్తారు. ఈ లోటు తీర్చడానికే అప్‌స్ట్రీమ్ మెటాడేటా అనే ఒక చిన్న ఫైలును డెబియన్ ప్రవేశపెట్టింది. అసలు రిపాజిటరీ ఎక్కడ, తప్పులు నమోదు చేయవలసిన చోటు ఎక్కడ అన్నవి అందులో రెండు వరుసల్లో రాయవచ్చు. దీనికి తోడు వాచ్ అనే మరో ఫైలు ఉంటుంది. మూలస్థానంలో కొత్త వెర్షన్ వచ్చిందేమో దాని సాయంతో యంత్రమే వెళ్ళి చూసి చెబుతుంది. ఖర్చు లేని పని ఇది. చేయించే నాథుడు ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న.

ఇక ఈ చిరునామా లేకపోతే శ్రీకాకుళంలోని గుమస్తాకు వచ్చే నష్టమేమిటని శాఖవారు అడగవచ్చు. ఇచ్ఛాపురం అన్న ఊరి పేరునే తీసుకోవచ్చు. యంత్రంలో ఈ పేరు తొమ్మిది సంకేతాలుగా నిల్వ ఉంటుంది: ఇ, చ, పొల్లు, ఛ, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్న. దీర్ఘం నిల్వలో ఛ తర్వాత ఉంటుంది, తెరమీద మాత్రం పైన ఉన్న చకారం తలకు అంటుకోవాలి; ఛ తన పూర్తి రూపం వదులుకుని ఒత్తుగా కిందికి దిగాలి; ఆ ఒత్తు కింది వరుసలోని గుడులకు, తలకట్లకు తగలకుండా ఉండాలి. వీటిలో కొంత పని హార్ఫ్‌బజ్ వంటి అక్షర సంయోజక సాఫ్ట్‌వేర్ చేస్తుంది; ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ ఇవన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. మిగిలిన పనిని ఫాంటులో పొందుపరిచిన ప్రత్యామ్నాయ పట్టికలు చేస్తాయి. ఏ అక్షరాల వరుస వస్తే ఏ బొమ్మ వేయాలో అవి చెబుతాయి. ముద్రణలో ఛ ఒత్తు తప్పుగా పడిందంటే దోషం ఫాంటుదా, సంయోజకానిదా, ఫారం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌దా అన్నది ఆ మూడింటి మూలాలనూ తెరిచి చూస్తే తప్ప తేలదు. ఆ మూడింటిలో ఒక్కదాని చిరునామా కూడా కార్యాలయంలో నమోదై లేనప్పుడు ఆ గుమస్తా ఎవరికి రాయాలి? సమస్య ఉందని తెలిసి కూడా, రాయడానికి చోటు లేక, పింఛను పత్రం మీద ఊరి పేరును చేత్తో దిద్ది సంతకం పెట్టడమే పరిష్కారమైతే, కంప్యూటరీకరణ అని దేన్ని అంటున్నారు?

ఫాంటు ఫైలు చేతిలో ఉన్నదిగదా, దాన్నే తెరిచి దిద్దుకోవచ్చుగదా అన్న వాదం పైకి సబబుగానే తోస్తుంది. కాని యంత్రంలో ఎక్కించే టీటీఎఫ్ ఫైలు తయారైన సరుకు మాత్రమే. అక్షరం గీసేటప్పుడు వాడిన వంపులు అందులోకి వచ్చేసరికి వేరే గణిత రూపంలోకి మారిపోతాయి. గీతల కొలతలకు ఆధారంగా పెట్టుకున్న రేఖలు, పొరలు, ఒత్తు ఎందుకు అక్కడే కూర్చోవాలో రూపకర్త రాసుకున్న గమనికలు ఇవేవీ దానిలో మిగలవు. ఫాంట్‌ఫోర్జ్, యూఎఫ్ఓ, గ్లిఫ్స్ వంటి పనిఫైళ్ళలోనే అవి ఉంటాయి. తయారైన సరుకును విప్పి దిద్దినవారు ఒక్కచోట మరమ్మతు చేయగలరేమో గాని, ఆ దిద్దుబాటును మూలంలో చేర్చలేరు. మరుసటి వెర్షన్ రాగానే ఆ మరమ్మతు చెరిగిపోతుంది.

అదీగాక, తెలుగు లిపికి యూనికోడ్‌లో కేటాయించిన గడులు 2013తో నిలిచిపోలేదు. 2015లో మరొక రకారం చేరింది. పాత గ్రంథాల్లో, శాసనాల్లో కనిపించే నకారపొల్లు 2021లో చేరింది. 2013లో ముగిసిన ఫాంటులో ఆ తర్వాత ప్రమాణంలోకి వచ్చిన అక్షరాలు, ఎవరో ఒకరు పనిగట్టుకుని గీసి చేరిస్తే తప్ప, ఉండవు. శ్రీముఖలింగం, శ్రీకూర్మం ఆలయాల శాసనపాఠాలను యథాతథంగా టైపు చేయదలచిన పరిశోధకుడు నకారపొల్లు దగ్గర ఆగిపోతాడు. ఆ అక్షరం గీసి ఇవ్వడానికి ముందుకు వచ్చే యువకులు విజయనగరంలోనే దొరకవచ్చు. వారు దాన్ని పంపవలసిన చోటు ఏదో మీ శాఖ చెప్పగలదా?

సవరల విషయం ఇంకా సున్నితమైనది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కింద ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేయగా, సవర వాటిలో ఒకటి, ఆ వాచకాలకు లిపి తెలుగు. తెలుగులో లేని ధ్వనులు సవరలో ఉన్నాయి. వాటిని తెలుగు లిపిలో గుర్తించాలంటే కొత్త సంయోగాలో, అదనపు గుర్తులో ఫాంటులో కూర్చవలసి రావచ్చు. సవర నిఘంటువును, వ్యాకరణాన్ని కూర్చిన మనిషి పేరు పెట్టుకున్న ఫాంటు సవర వాచకానికి పనికొచ్చేలా మారడానికి లైసెన్సు అడ్డు రాదు. మూలానికి దారి తెలియకపోవడం మాత్రం అడ్డు వస్తుంది. సీతంపేట ఏజెన్సీలోని ఒక ఉపాధ్యాయుడు ఆ దారి వెదుక్కుంటూ ఖండాంతరాల వెబ్‌సైట్లను గాలించాలా?

సాహిత్య విషయంలో తెలుగు సమాజం ఈ క్రమశిక్షణను ఎన్నడో నేర్చుకుంది. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, గురజాడ చేతిలోనే బాగా పెరిగి 1909లో రెండో కూర్పుగా వచ్చింది. ఈ రెండింటిలో దేని నుంచి వాక్యం తీసుకున్నారో చెప్పని వ్యాసాన్ని ఏ విశ్వవిద్యాలయమూ పరిశోధనగా అంగీకరించదు. అదే గురజాడ పేరుగల ఫాంటు ఎన్నో కూర్పో చెప్పకుండా వేల పత్రాలు అచ్చు వేస్తున్నా ఎవరికీ అభ్యంతరం లేకపోవడం వింతగా లేదా?

అక్షరాల సంగతి పక్కన పెట్టి భద్రత వైపు చూస్తే ఈ అశ్రద్ధకు మూల్యం ఎంత పెద్దదో తెలుస్తుంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి ఉన్నట్టు బయటపెట్టాడు. ఫైళ్ళను కుదించే ఈ చిన్న సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి లైనక్స్ యంత్రంలోనూ ఉంటుంది. దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని తవ్వుతూ పోయిన అతనికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ కుట్ర కంటపడింది. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. హానికర భాగాన్ని పరీక్షా ఫైళ్ళ ముసుగులో రిపాజిటరీలోనే దాచారు. దాన్ని మేల్కొలిపే స్క్రిప్టు మాత్రం రిపాజిటరీలో లేదు, విడుదల చేసిన కట్టలోనే ఉంది. అంటే కట్టనూ రిపాజిటరీనీ పక్కపక్కన పెట్టి పోల్చినవారికి మాత్రమే ఆ తేడా కనిపిస్తుంది. పోల్చడానికి రెండోదాని చిరునామా కావాలి. డెబియన్, ఫెడోరా అనే లైనక్స్ వ్యవస్థల స్థిర వెర్షన్లలోకి అది చేరకముందే దొరకడం అదృష్టం, ఏర్పాటు కాదు.

ప్యాకేజీ కట్టేవారి వైపు నుంచీ ప్రమాదం రావచ్చు. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే గూఢలిపి సాఫ్ట్‌వేర్‌లో 2006లో డెబియన్ వారు చేసిన ఒక మార్పు మూలంలోకి చేరకుండా, మూలస్థానం వారి పూర్తి పరిశీలనకు నోచుకోకుండా, తమ ప్యాకేజీకే పరిమితమై రెండేళ్ళు నడిచింది. 2008 మేలో ఆ తప్పు బయటపడేనాటికి ఆ ప్యాకేజీ ఉన్న యంత్రాల్లో తయారైన రహస్య తాళాలు, ఒక్కో రకానికి ముప్పై రెండు వేల చిల్లరకు మించి ఉండవన్న సంగతి తేలింది. కంప్యూటరుకు అన్ని తాళాలనూ ఒకటొకటిగా ప్రయత్నించి చూడటం ఎంతసేపటి పని? ప్యాకేజీలో చేసిన ప్రతి మార్పూ మూలానికి ఎదురుగా నిలబడి కనిపించాలన్న నియమం ఇలాంటి అనుభవాల నుంచే బలపడింది.

ఇవి విదేశీ సంగతులని తోసిపుచ్చే వీలు లేదు. డెబియన్ ఆధారంగానే సీడాక్ సంస్థ బాస్ లైనక్స్ అనే భారతీయ వ్యవస్థను 2007 నుంచి విడుదల చేస్తోంది. దాన్ని వాడే కార్యాలయానికి, అసలు రచయితకు మధ్య కనీసం రెండు మజిలీలు ఉంటాయి. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఓపెన్ సోర్స్ విధానం, సోర్సును చదివే, మార్చే, పంచే స్వేచ్ఛ వాడుకరులకు ఉండాలని చెప్పింది. 2024 అక్టోబరులో సెర్ట్-ఇన్ సంస్థ సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్‌కు, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఏయే భాగాలతో, ఎవరి నుంచి వచ్చిన ఏ వెర్షన్లతో తయారైందో తెలిపే జాబితాకు, మార్గదర్శకాలు ఇచ్చింది; అవి ప్రభుత్వ సంస్థలను కూడా ఉద్దేశించినవే. జాబితా అడిగే పత్రం కేంద్రం నుంచి వచ్చాక కూడా, జిల్లా కార్యాలయాల్లో నడుస్తున్న ఓపెన్ సోర్స్ ప్యాకేజీల మూలాలు మీ శాఖ పట్టికల్లో ప్రజలు చూసేలా ఎందుకు ఉండకూడదు?

లైసెన్సు అడగనిది శాఖ ఎందుకు ఇవ్వాలన్న సమాధానం వచ్చే అవకాశం ఉంది కనుక దాన్నీ ఎదుర్కోవాలి. న్యాయంగా చూస్తే అందులో నిజం లేకపోలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ లైసెన్సు కిందవి. ఆ లైసెన్సు ప్రకారం సరుకు పంచేవారు సోర్సు కూడా అందుబాటులో ఉంచాలి. గురజాడ, గిడుగు ఫాంట్ల ఓపెన్ ఫాంట్ లైసెన్సు అంత దూరం వెళ్ళదు; హక్కుల ప్రకటన, లైసెన్సు పాఠం ప్రతి ప్రతితోనూ పంపితే చాలంటుంది. అయితే లైసెన్సు చెప్పేది వాడుకరి కనీసం ఏం చేయాలో మాత్రమే. ప్రజల పేరిట తోడ్పాటు అందించిన ప్రభుత్వం ఆ కనీసంతో సరిపెట్టుకోవడం తగునా? పైగా ఈ లేఖ అడుగుతున్నది సోర్సును శాఖ సృష్టించమని కాదు. అది ఎక్కడో ఒకచోట ఉండడం వేరు, వాడుకరి చేతికి వచ్చే ప్యాకేజీ దాని చిరునామా చెప్పడం వేరు, అడుగుతున్నది రెండోది.

చిరునామా ఒకసారి రాసి వదిలేస్తే సరిపోదన్నదీ నిజమే. రెడ్ హ్యాట్ సంస్థ తోడ్పాటుతో వచ్చిన లోహిత్ తెలుగు ఫాంటు పని ఫెడోరాహోస్టెడ్ అనే చోట సాగేది. 2017లో ఆ సేవ మూతపడితే పని పాగ్యూర్ అనే మరో చోటికి మారింది. పాత చిరునామానే మోస్తున్న ప్యాకేజీలు, పుస్తకాలు, పాఠాలు ఆనాటి నుంచి మూసిన తలుపు చూపిస్తున్నాయి. అందుకే ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ 2016లో ప్రారంభించిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ వంటి భాండాగారాలు, ఆతిథ్యమిచ్చిన చోటు పోయినా సోర్సు పోకుండా, దానిలోని అంశాలను బట్టి లెక్కకట్టిన మారని గుర్తింపు సంఖ్యతో భద్రపరుస్తున్నాయి. తెలుగు ఫాంట్ల మూలాలన్నీ అందులో ఉన్నాయో లేదో సరిచూసి, లేనివాటిని చేర్పించడం ఒక గుమస్తా, ఒక ఇంజినీరు కలిసి కొద్దిరోజుల్లో చేయగల పని.

మనుషులు లేరన్న సాకు ఈ ప్రాంతంలో చెల్లదు. విజయనగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయం 2022 నుంచి గురజాడ పేరే ధరించి ఉంది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. చింతలవలస, రాజాం, టెక్కలిలోని ఇంజినీరింగు కళాశాలల నుంచి ఏటా విద్యార్థులు పట్టాలు పుచ్చుకుని బెంగళూరు రైలెక్కుతున్నారు. చివరి సంవత్సరపు ప్రాజెక్టు పేరిట ఎక్కడో కొన్న ప్రోగ్రాముకు అట్టవేసి సమర్పించే బదులు, ఒక్కొక్క బృందం ఒక్కొక్క తెలుగు ప్యాకేజీని తీసుకుని, దాని అప్‌స్ట్రీమ్‌ను కనిపెట్టి, రెండింటిలోని ఫైళ్ళను పోల్చి, తేడాలు నమోదు చేసి, ఆ చిరునామాను డెబియన్‌కు, ఫెడోరాకు పంపితే అది నిజమైన పని అవుతుంది. శాఖ అడగాలి, విశ్వవిద్యాలయం మార్కులు ఇవ్వాలి. ఇంతకు మించి ఖర్చు ఏముంది?

కనుక మీ శాఖ నుంచి రావలసింది హామీ కాదు, ఒక పట్టిక. ప్రభుత్వ తోడ్పాటుతో వెలువడిన ప్రతి తెలుగు ఫాంటుకూ, రూపకర్త పేరు, లైసెన్సు, రిపాజిటరీ చిరునామా, ప్రస్తుత వెర్షన్‌కు మూలమైన కమిట్ సంఖ్య, అంటే ఆ సోర్సు చరిత్రలో ఆ విడుదల ఏ క్షణానిదో చెప్పే గుర్తు, తప్పులు నమోదు చేయవలసిన చోటు ఇవన్నీ అందులో ఉండాలి. రూపకర్తలతో, సిలికానాంధ్రతో సంప్రదించి వారి అంగీకారంతో దాన్ని తయారుచేయాలి. ఎవరి దగ్గరైనా సోర్సు నిజంగా పోయి ఉంటే, పోయిందని అదే పట్టికలో రాయాలి, ఎందుకంటే పోయిన సంగతి తెలిస్తే మళ్ళీ గీయడానికైనా ఎవరో ఒకరు పూనుకుంటారు. 2019 అక్టోబరులో ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయాల యంత్రాలకు ఇకమీదట కొనే, ఎక్కించే ప్రతి ఓపెన్ సోర్స్ ప్యాకేజీకీ ఇదే రకం పట్టిక ఇవ్వనిదే సరఫరాదారుకు బిల్లు చెల్లించరాదన్న ఒక్క షరతును టెండరు పత్రంలో చేర్చాలి. ఆ షరతు చేర్చడానికి అడ్డుపడుతున్న నిబంధన ఏదైనా ఉంటే దాని సంఖ్య, తేదీ తెలియజేయవలసిందిగా కోరడమైనది.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తెలుగు వాడుకరుల పక్షాన